గాజుతొట్టి చేప - ఊరి చెరువు

(సముద్రతీర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



చేపను గురించి మీకు చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదని మేము ఎరుగుదుము. మీలో పెక్కుమంది చెరువులు, కాలువలు, ఉప్పుటేరులు, రొయ్యల గుంటలు చూచుచు పెరిగినవారు. మైపాడు, కృష్ణపట్నము, జువ్వలదిన్నె ప్రాంతములనుండి వచ్చినవారు సముద్రమునే వాకిటిగా గలవారు. కనుక పట్టెడు చేపను గూర్చి మేము మాట్లాడము. ఉడికెడు చేపను గూర్చియు మాట్లాడము. నెల్లూరు చేపల పులుసునకు ప్రభుత్వ ప్రచారముతో అవసరము లేదు. మేము మాట్లాడదలచినది ఇంటి ముందుగదిలో, గాజుతొట్టిలో, దీపపు వెలుతురులో తిరుగాడెడు చేపను గూర్చి. ఇది పంచాయతీ సభలో ప్రస్తావింపదగిన విషయమా అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ప్రసంగము ముగియులోపల ఆ నవ్వు మానవలెనని మేము కోరుట లేదు గాని, ఒక చెరువును మీ మనస్సులో ఉంచుకొని వినుడని మాత్రము కోరుచున్నాము.

గాజుతొట్టిలో చేపలను ఉంచి చూచు వేడుక మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో చేరియున్న దినములలో, 1909వ సంవత్సరములోనే, చెన్నపట్నపు సముద్రతీరమున ప్రజలు చూచుటకై ఒక చేపల ప్రదర్శనశాల తెరువబడినది. కోర్టు పనిమీదనో, వైద్యము నిమిత్తమో చెన్నపట్నము పోయిన మన పెద్దలు కొందరు దానిని చూచి వచ్చి వింతగా చెప్పుకొనుచుండిరి. నేడు ఆ వింత మన వీథిలోనికి వచ్చినది. చెన్నపట్నములోని కొళత్తూరులో ఇంటింట, మిద్దెమిద్దెపై రంగుచేపలను పిల్లలు చేయించి అమ్ముట పెద్ద వృత్తిగా వర్ధిల్లినది. అక్కడినుండి గాలి నింపిన ప్లాస్టిక్ సంచులలో చేపలు రైలెక్కియు, బస్సెక్కియు పూట తిరుగకముందే మన పట్టణములకు చేరుచున్నవి. వైద్యుని గదిలోను, హోటలులోను, క్షౌరశాలలోను, ఇప్పుడు పల్లెలలో క్రొత్తగా కట్టిన ఇండ్లలోను ఈ తొట్లు కనిపించుచున్నవి. పిల్లలకు ఇంతకంటె మంచి వినోదము లేదు. దీనిని మేము ఆక్షేపించుట లేదు. మా ఇంటిలోను ఒక తొట్టి కలదు.

ఆ తొట్టి కథయే మీకు మొదట చెప్పవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పిల్లవాని కోరికపై ఒక చిన్న గాజుతొట్టి కొంటిమి. రంగుచేపలతోపాటు బొటనవ్రేలంత నల్లని చేప నొకదానిని దుకాణదారుడు చేర్చి యిచ్చెను. అది నోటితో గాజునకు అంటుకొని పాచిని నాకివేయుననియు, తొట్టి కడుగు శ్రమ తప్పుననియు చెప్పెను. దుకాణములలో దానిని ‘సక్కర్’ అందురు. మా పిల్లవాడు దానిని ‘చక్కెర చేప’ అని పిలిచెడివాడు. అది పాచి తినిన మాట నిజమే. కాని చక్కెర చేప పెరుగసాగినది. రెండేండ్లలో జానెడు దాటినది. రాత్రులందు రాళ్లను దొర్లించుచు, నాటిన మొక్కలను పెకలించుచు, నిదురపోవువారిని లేపుచుండెను. తొట్టిలో అది వెనుకకు మరలుటకు చోటు చాలని స్థితి వచ్చినది. చంపుటకు మా చేతులు రాలేదు. దుకాణదారుడు పెద్దచేపను తిరిగి తీసికొనుటకు ఒప్పుకొనలేదు. ఒక సాయంకాలము గ్రామ పర్యటనకు పోవునపుడు దానిని బకెట్టులో పెట్టుకొని పోయి, దారిలోనున్న ఒక చెరువులో విడిచితిమి. అది తోక ఆడించి లోతునకు పోయెను. పిల్లవాడు సంతోషించెను. ఒక ప్రాణిని కాపాడితిమని మేమును సంతోషించితిమి.

భాగవతములో సత్యవ్రతుడను రాజు కథ మీకందరకు తెలిసినదే. దోసిట పడిన చేపపిల్లపై జాలిగొని ఆయన దానిని కమండలువులో ఉంచెను. అది పెరుగగా కుండలో వేసెను. ఇంకను పెరుగగా మడుగులోను, అటుపై సముద్రములోను విడిచెను. మన దేశమున చేపను నీటిలో విడుచుట పుణ్యమను భావము ఈనాటిది కాదు. మేము చేసినదియు అదియే గదా అని తలచితిమి. అయితే సత్యవ్రతునికి దొరికిన చేప సాక్షాత్తు శ్రీహరి. మాకు దొరికినది అమెజాను నది ప్రాంతపు చేప. ఈ భేదమును మేము అప్పుడు ఆలోచింపలేదు.

మరి మూడేండ్లకు తీరప్రాంతమున ఒక గ్రామములో, పంచాయతీ చెరువు గట్టున, చేపలు పట్టెడు ఒక వృద్ధుడు మమ్ము పిలిచి తన వలను చూపెను. వలలో జానెడున్నర చేప చిక్కుకొనియున్నది. ఒడలంతయు పెంకుల కవచము. వీపుమీద తెరచాపవంటి రెక్క. రెండు ప్రక్కల ఇనుప సూదులవంటి ముండ్లు. వల దారములు ఆ ముండ్లకు మెలిపడి తెగియున్నవి.

“ఏంది సారూ ఇది? నలభై ఏండ్లబట్టి ఈ చెరువులో వలేస్తుండా, ఇట్టాంటిది చూళ్ళా. తినేదానికి లేదు, అమ్మేదానికి లేదు. దీన్ని వల్లోనించి ఊడదీసే లోపల వలే పోతాంది” అని అతడనెను.

ఇది దక్షిణ అమెరికా ఖండపు చేప అని మేము చెప్పితిమి.

“అంత దూరాన్నించి ఇది మా చెరువులోకి ఎట్టా వచ్చింది సారూ?” అని అతడు అడిగెను.

మేము జవాబు చెప్పలేకపోతిమి. తెలియక కాదు.

ఆ చెరువు మేము చేపను విడిచిన చెరువు కాదు. కాని ఏ గుమాస్తాయో, ఏ ఉపాధ్యాయుడో, ఏ తండ్రియో మావలెనే బకెట్టుతో వచ్చియుండును. దుష్టులెవరును ఈ చేపను మన చెరువులలోనికి తీసికొనిరాలేదు. జాలిగలవారే తెచ్చిరి.

ఈ చేపను శాస్త్రజ్ఞులు టెరిగోప్లిక్తిస్ అను జాతిగా గుర్తించిరి. మన పల్లెలలో దయ్యపు చేప, రాకాసి చేప అను పేర్లు పుట్టినవి. ఆ పేర్లు వినినవారు అది మనుష్యులను కరచునని భయపడుచున్నారు. కరవదు. దాని నోరు పాచి గీకుకొనుటకే తగినది. దానివలన కలుగు చెరుపు వేరు విధమైనది. పెరిగిన చేప అడుగున్నర వరకు ఉండును. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు పైకి వచ్చి గాలిని మ్రింగి కడుపుతో శ్వాసించును. అందుచేతనే ఇతర చేపలు తేలిపోయెడి మురికినీటిలో సైతము అది బ్రతుకును. గట్టున పడవేసినను చాలాసేపు చావదు. కొంత ఉప్పుదనమునకు కూడ ఓర్చుకొనును. ఉప్పుటేరులు, కాలువలు, గుంటలు ఒకదానితో నొకటి కలిసియుండు మన తీరమునకు ఇది చిన్నమాట కాదు. మన బొచ్చె, రాగండి, కొరమేను తినదగిన పిల్లలుగా నున్నపుడే దీనికి మాత్రము పెంకు గట్టిపడుటచే పెద్దచేపలు దీనిని మ్రింగజాలవు. నేలను గీకుచు పాచిని, దానితోపాటు ఇతర చేపల గ్రుడ్లను కూడ తినివేయును.

అన్నింటికంటె పంచాయతీవారు గమనింపవలసినది దాని సంసారపు పద్ధతి. మగచేప గట్టులో బొక్క తొలిచి, అందు ఆడచేప పెట్టిన గ్రుడ్లకు కావలి కాయును. గ్రుడ్లు వందలు మొదలు వేలవరకు ఉండును. ఆ బొక్క ఒక మూర మొదలు రెండు మూరల లోతువరకు పోవును. ఎండ్రకాయ బొక్క వలన మడినీరు రాత్రికి రాత్రి జారిపోవుట మీరు చూచినదే. ఇది అంతకు పెద్దది, ఒకదాని ప్రక్క నొకటిగా పదులకొలది ఉండును. అమెరికా దేశపు ఫ్లోరిడా, టెక్సాసు రాష్ట్రములలో కాలువగట్లు ఈ బొక్కలవలన కోతబడుట అక్కడివారు చూచియున్నారు. మన చెరువు కట్టలను ఈ చేప ఒక్కవానలో తెంచివేయునని మిమ్ము భయపెట్టుట మా ఉద్దేశము కాదు. కట్టకు మట్టి వేయించుటకు పంచాయతీ ఎంత తంటాలు పడునో మాకు తెలియును గనుక ఈ మాట చెప్పుచున్నాము.

మెక్సికో దేశములో ఇన్ఫియెర్నిల్లో అను పెద్ద జలాశయము కలదు. ఒకప్పుడు తిలాపియా చేపల పట్టుబడికి అది పేరుమోసినది. ఈ పెంకుచేప అందు ప్రవేశించిన కొలది సంవత్సరములకు జాలరుల వలలలో పడెడిదానిలో సింహభాగము ఇదియే అయినది. వేలాది కుటుంబముల జీవనము తారుమారైనది. ప్యూర్టోరికో దీవిలో గూడబాతులు దీనిని మ్రింగబోయి, ముండ్లు గొంతులో దిగి చనిపోయిన ఉదాహరణములు కలవు. నేలపట్టునకు ఏటేట వచ్చి గూళ్లు కట్టుకొనెడు గూడబాతులు మన చెరువులమీద, పులికాట్ సరస్సుమీద ఆధారపడి పిల్లలను సాకుచున్నవని మీకు వేరుగ చెప్పనక్కరలేదు. మన పొరుగుననున్న బంగ్లాదేశ్ ప్రభుత్వము 2023లో ఈ చేపను నిషేధించినది.

హైదరాబాదులోని సీసీఎంబీ అను పరిశోధనా సంస్థవారు ఒక చక్కని పద్ధతి కనిపెట్టిరి. చెరువునుండి కొంత నీటిని తీసికొని పరీక్షించి, ఆ నీటిలో చేప విడిచిన సూక్ష్మమైన డీఎన్ఏ జాడనుబట్టి, చేప కంట బడకున్నను అది ఆ చెరువులో ఉన్నదో లేదో చెప్పగలుగుచున్నారు. ఈ విధముగ తూర్పు కనుమల ప్రాంతమున పరీక్షించిన నీటివనరులలో నూటికి 60 పాళ్ల వరకు ఈ చేప వ్యాపించియున్నదని 2024లో వెల్లడి అయినది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు కలుజు పారినపుడు దిగువ చెరువు నిండును. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలలో ఏ నీరు ఎవరి నీరో తెలియకుండ కలిసిపోయినది. అట్టి ఒక్క వరదలో ఒక చెరువు చేప ఎన్ని చెరువులకు పోగలదో ఆలోచింపుడు. ఒక ఊరివారు విడిచిన చేపకు పది ఊళ్లవారు వలలు బాగుచేసికొనవలసియుండును.

విదేశపు చేప వచ్చి మన నీటిలో స్థిరపడుట ఇది మొదటిసారి కాదు. జిలేబీ చేప అని మీరు పిలిచెడు తిలాపియా 1952లో మన దేశమునకు తేబడినది. పేదలకు చౌకగ ఆహారము దొరకునను సదుద్దేశముతోనే తెచ్చిరి. అది నేడు లేని చెరువును చూపుట కష్టము. దానితోపాటు మా చిన్ననాట చెరువులో దొరకుచుండిన చిన్నచేపలు ఎన్ని కనుమరుగైనవో మీ ఊరి వృద్ధులు లెక్క చెప్పగలరు. దోమపిల్లలను తినుటకై గంబూసియా చేపను 1928లో ఇటలీనుండి తెచ్చిరి. మేమే పూర్వము దానిని పొగడుచు కరపత్రములు పంచియున్నాము. దోమపిల్లలను తినుట నిజమే. అయితే ఇతర చేపల పిల్లలను కూడ అది వదలదు. తలమీద వెండిచుక్క గల చిన్నచేప మన పిల్లకాలువలలోనే కలదు. అదియు దోమపిల్లలనే తిని బ్రతుకును. ఇంటిచేపను విడిచి పొరుగుచేపను పిలిచితిమేమో అని ఇప్పుడనిపించుచున్నది.

మీసములు గల చేపలనన్నిటిని ఆంగ్లేయులు పిల్లితో పోల్చి క్యాట్‌ఫిష్ అనిరి. ఈ ఒక్క పేరు మన పల్లెలలో పెద్ద గందరగోళము కలిగించినది. క్యాట్‌ఫిష్ అనగానే నిషేధించిన చేప అని ప్రజలు ముఖము త్రిప్పుకొనుచున్నారు. నిషేధించినది ఆఫ్రికా ఖండపు క్లేరియాస్ చేపను. అది మూడడుగులు దాటి పెరిగి, కంటబడిన చేపనెల్ల తినివేయునది. దాని పెంపకమును కేంద్రప్రభుత్వము 2000లో నిషేధించినది. 2019లో జాతీయ హరిత న్యాయస్థానము ఆ నిషేధమును మరల గట్టిగా అమలుపరుప ఆదేశించినది. మన మార్పుచేప దానికి దగ్గర చుట్టమే గాని అది వేరు. మన ఇంగిలాయి వేరు. వాలుగ వేరు, జెల్ల వేరు. ఇవి అనాదిగ మన నీటిలో ఉన్నవి. నాటు మార్పుచేప ఇప్పుడు ఎంతగా తగ్గిపోయినదనగా, ప్రపంచమున అంతరించు ప్రమాదములోనున్న జీవుల జాబితాలో దానిని చేర్చిరి. తప్పు చేసినవాడొకడు, దండుగ కట్టినవాడొకడు అన్నట్లయినది.

కనుక, ఇంటిలో మీసముల చేపను పెంచవలెనను ముచ్చట గలవారు మన జెల్లపిల్లలనే ఎందుకు పెంచరాదు? వాటి వెండిచారలు, పొడుగు మీసములు ఏ విదేశపు చేపకు తీసిపోవు. తొట్టి తగులగొట్టునంత పెరుగవు. వాటితో పరిగెలను, ఒడలిగుండ ఎముకలు కనిపించెడు గాజుచేపలను చేర్చవచ్చును. అట్టి చేప కాలువలో పడినను అది పుట్టింటికి పోయినట్లే. అయితే తొట్టిలో రంగుచేపలతో కలిసి జబ్బు తగిలిన నాటుచేపను సైతము చెరువులో విడువరాదు.

పెంచు పద్ధతిని గూర్చి కొంత చెప్పవలెను. ఎందుకనగా చేప చచ్చినందువలననో, నీరు కంపుకొట్టినందువలననో విసిగినవారే తరచుగా మిగిలినదానిని చెరువుపాలు చేయుచున్నారు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఒకటింబావు అడుగు ఎత్తు గల తొట్టి ఒక కుటుంబమునకు చాలును. అందు సుమారు 100 లీటర్ల నీరు పట్టును. నూరు లీటర్లనగా నూరు కిలోల బరువు, ఒక వడ్లబస్తా కంటె హెచ్చు. కనుక బల్ల గట్టిదై యుండవలెను. ఎండ నేరుగా పడు కిటికీ వద్ద ఉంచినచో పాచి పెరుగును. పాచి పెరిగినందుననే గదా మేము చక్కెర చేపను తెచ్చుకొన్నది. తొట్టిని నీడలోనుంచి, దీపము కొద్దిగంటలు మాత్రము వెలిగించి, వారమునకొకసారి గాజును గుడ్డతో తుడిచిన ఆ చేపతో అవసరమే యుండదు.

నీటి విషయమున మన తీరగ్రామములవారికి రెండు చిక్కులు కలవు. బోరునీరు పెక్కుచోట్ల ఉప్పగా నుండును. ఆ నీటిలో మంచినీటి చేప నిలువదు. పంచాయతీ ట్యాంకునీటిలో బ్లీచింగు పొడి కలుపుదుము. ఆ ఘాటు చేప మొప్పలను కాల్చివేయును. ట్యాంకునీటిని వెడల్పైన పాత్రలో ఒకదినము తెరచి యుంచిన ఘాటు విడిచిపోవును. దానిని వాడుడు. తొట్టి కొన్న దినమే చేపలన్నిటిని వేయుట మరియొక తప్పు. చేప విసర్జించిన మలినమునుండి అమోనియా పుట్టును. దానిని హరించు సూక్ష్మజీవులు తొట్టిలో ఇసుకను, వడపోత స్పాంజిని ఆశ్రయించి పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. కొత్తకుండలో పెరుగు తోడుకొనుటకు సమయము పట్టినట్లే ఇదియును. అంతవరకు ఒకటి రెండు చేపలతో సరిపెట్టుకొనవలెను. ఆ స్పాంజిని కుళాయినీటిలో శుభ్రముగా ఉతికినచో ఆ సూక్ష్మజీవులన్నియు నశించును. శుభ్రత గల ఇల్లాండ్రు చేయునట్టి పొరపాటిది. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండి పెట్టవలెను. వారమునకు నాలుగవవంతు నీటిని మార్చవలెను. మొత్తము నీరు ఒక్కసారి మార్చరాదు. మేత రెండుమూడు నిమిషములలో తినివేయునంత చాలును.

మీసముల చేపలు రాత్రించరములు. దీపమార్పిన పిమ్మట కొంత మేత వేయవలెను. లేనిచో పగటిచేపలు తినివేయగా ఇవి పస్తుండును. పగలు దాగుటకు పగిలిన కుండపెంకు బోర్లించిన చాలును. అడుగున కంకర వేసిన వాటి మీసములు అరిగిపోవును. మెత్తని పెన్న ఇసుక వేయుడు. మార్పు, ఇంగిలాయి వంటివి పైకి వచ్చి గాలి పీల్చును గనుక నీటికిని మూతకును నడుమ మూడువ్రేళ్ల సందు ఉండవలెను. మూత మాత్రము తప్పదు. మార్పుచేప రాత్రివేళ తొట్టి దాటి వంటయింటి గుమ్మమువరకు పాకిపోగలదు. ఇంగిలాయి ముల్లు విషపుముల్లు. పిల్లలున్న ఇంటిలో దానిని ఉంచకుండుటయే మంచిది. గ్రుచ్చుకొనినచో చేతిని ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో ఉంచిన బాధ తగ్గును. వాపు హెచ్చిన వైద్యుని చూడవలెను.

ఇక మీరు చేయదగిన పని. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణము ద్వారా పంచాయతీలకు ఉద్దేశించిన 29 విషయములలో అయిదవది మత్స్యపరిశ్రమ. పంచాయతీ చెరువులో చేపల పాట పాడుకొనువాడు ముందుగా చెరువులో ఏమున్నదో చూచుకొనును. వలలు చింపు చేప ఉన్నదని తెలిసిన చెరువునకు పాట తగ్గును. ఆ తగ్గినది మీ వీథిదీపములకు, మురుగుకాలువలకు పోవలసిన సొమ్ము. కనుక ఇది గాజుతొట్టి గల నలుగురి సొంత విషయము మాత్రమే కాదు.

మా చేపను తిరిగి తీసికొనువారు లేకపోవుటచేతనే మేము తప్పు చేసితిమి. పంచాయతీ కార్యాలయమున ఒక సిమెంటు తొట్టి ఉంచి, “పెంచలేని చేపను ఇచ్చట ఇండు, చెరువులో విడువకుడు” అని బోర్డు పెట్టిన ఎంత ఖర్చగును? ఆ చేపలను పెద్దతొట్టి గలవారికి ఈయవచ్చును. తీసికొనువారు లేనిచో చంపక తప్పదు. లవంగనూనెను కొద్దినీటిలో బాగుగ గిలకొట్టి, ఆ నీటిని హెచ్చుగా కలిపిన బకెట్టులో ఉంచిన, చేప మత్తుగొని బాధ తెలియక ప్రాణము విడుచును. చాలసేపు అట్లే ఉంచి పిమ్మట పూడ్చవలెను. ఈ మాట చెప్పుట మాకు సులభము కాదు. ఆ దినము మా చేతులు రాకపోయిన సంగతి మీకు చెప్పియే యున్నాము.

చెరువు పాడుకొన్నవారికిని, జాలరి సహకార సంఘమువారికిని ఒక మాట గట్టిగా చెప్పవలెను. వలలో పెంకుచేప పడినపుడు విసుగుతో మరల నీటిలోనికి విసరివేయుచున్నారు. అది గట్టున పడినను చావదని చెప్పితిమి. దానిని చెరువునకు దూరముగా పూడ్పించి, ఎన్ని దొరకినవో పంచాయతీలో వ్రాయించి, మత్స్యశాఖ అధికారికి తెలుపవలెను. వేసవిలో నీరు తగ్గినపుడు కట్టవాలున నీటిగీతకు క్రిందుగా వరుస బొక్కలు కనబడునేమో పరిశీలింపుడు. పైన నీరెండినను తడిగల బొక్కలో చేప దాగి తొలకరివరకు బ్రతుకగలదు. కనుక చెరువు ఎండినది గదా, పీడ వదలినది అనుకొనరాదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీయు, ఊరి జీవరాశిని వ్రాసియుంచు ప్రజా జీవవైవిధ్య రిజిష్టరును ఉండవలెను. అనేక గ్రామములలో ఆ రిజిష్టరులో చేపలను గూర్చిన పుట ఖాళీగా నున్నది. ‘చేపలు’ అని ఒక్కమాట వ్రాసి సంతకము పెట్టిన రిజిష్టరును గూడ మేము చూచితిమి. వలవేయు వృద్ధులను ముగ్గురిని పిలిచి కూర్చుండబెట్టి, ఇప్పుడు దొరకెడు చేపలు ఏవి, వారి చిన్ననాట దొరకి ఇప్పుడు దొరకనివి ఏవి, వారి నోటి పేర్లతోనే వ్రాయింపుడు. ఒక మధ్యాహ్నపు పని. మమ్ము పిలిచిన మేమును వచ్చి వ్రాయుటకు కూర్చుందుము.

ఈ బల్లమీద ఉంచిన సీసాలో కనబడుచున్నది ఆ వృద్ధుడు మాకిచ్చిన చేపయే. వలనుండి విడదీయుటకు ముప్పావుగంట పట్టినది. వలలో ఆ భాగమును కోసివేయవలసి వచ్చినది. దాని వెల మేము ఈయబోగా అతడు పుచ్చుకొనలేదు. సభ ముగిసిన పిమ్మట చూడగోరువారు దగ్గరకు వచ్చి చూడవచ్చును. పాటదారులను, జాలరి సోదరులను ముందుగా రానిండు. మూత తీయవలదు, అందున్నది మందునీరు.